మన మట్టి, పరాయి ఓడ

2024 ఆగస్టు మొదట్లో జాయిడెస్ రిజల్యూషన్ అనే ముసలి ఓడ ఒకటి ఆమ్‌స్టర్డామ్ రేవు చేరింది. గ్రీన్‌లాండుకూ స్వాల్‌బార్డు దీవులకూ నడుమనున్న ఫ్రామ్ జలసంధిలో సముద్రపు అడుగును తొలిచి తెచ్చిన మట్టిని అక్కడ దింపడంతో దాని శాస్త్రయాత్రలు ముగిసిపోయాయి. 1985 నుంచి 39 ఏళ్ళపాటు అది చేసిన పని ఇదే. దానిని నడిపే ఖర్చు ఇక తాము భరించజాలమని అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ 2023 మార్చిలోనే చెప్పివేసింది.

పొత్తుల లెక్కలతో, పదవుల పంపకాలతో పొద్దుపుచ్చే రాజధానికి ఒక పరాయి ఓడ విరమణ వార్తగా కనిపించకపోవడంలో వింత లేదు. కాని మన నైరుతి ఋతుపవనాల పూర్వచరిత్రను, హిమాలయాల కోత కథను, గోదావరి ముఖద్వారాన పేరుకున్న వేల ఏళ్ళ అనావృష్టి సాక్ష్యాన్ని పైకి తీసిన ఓడ అది. దాని మీద రేయింబవళ్ళు పనిచేసినవారిలో మన శాస్త్రజ్ఞులు కూడా వున్నారు. ఇప్పుడు వారు ఏ ఓడ ఎక్కాలి? ఎవరి అనుమతితో ఎక్కాలి? అక్కడ ఏ ప్రశ్నకు సమాధానం వెదకాలో ఎవరు నిర్ణయించాలి? ఇవి శాస్త్రజ్ఞులు తమలో తాము తేల్చుకోగల ప్రశ్నలు కావు. ప్రభుత్వం తేల్చవలసినవి.

సముద్రపు అడుగును తొలచడం అనగానే పాఠకులకు చమురుబావులు తలపునకు వస్తాయి. ఇక్కడ సంగతి వేరు. పల్లెలో బోరు వేయించే రైతు గొట్టం వెంట పైకి వచ్చే మట్టి రంగు చూసి ఇది జిగురు, ఇది గరుసు, ఇక రాయి తగిలింది అని పోల్చుకుంటాడు. అతనికి కావలసింది నీరు. మట్టిని పక్కకు ఎత్తిపోస్తాడు. ఈ ఓడకు కావలసింది ఆ మట్టే. నదులు మోసుకువచ్చిన ఒండ్రు, గాలి తెచ్చిన ధూళి, చచ్చిన సూక్ష్మజీవుల గవ్వలు, అగ్నిపర్వతాల బూడిద ఏటికేడు పొరమీద పొరగా సముద్రపు అడుగున పేరుకుంటాయి. నేలమీద వానకు కొట్టుకుపోయే చరిత్ర అక్కడ భద్రంగా వుంటుంది. ఆ పొరల వరుస చెదరకుండా, తలకిందులు కాకుండా, ఒక కడ్డీలాగా పైకి తీయడమే ఈ విద్యలోని రహస్యం. ఈ కడ్డీనే శాస్త్రజ్ఞులు కోర్ అంటారు.

రిజల్యూషన్ పొడవు 143 మీటర్లు. 1978లో కెనడాలో చమురు అన్వేషణ కోసం కట్టిన ఓడ. తరువాత శాస్త్రానికి అక్కరకు వచ్చింది. దాని నడిబొడ్డున నీటిమట్టం నుంచి 60 మీటర్లకు పైగా లేచిన ఇనుప గోపురం. ఆ గోపురం కింద ఓడ కడుపులో ఒక రంధ్రం. గొట్టం తరువాత గొట్టం బిగిస్తూ ఆ రంధ్రంగుండా మూడు నాలుగు కిలోమీటర్ల లోతుకు దించుతారు. లంగరు వేసే ప్రసక్తి లేదు. అంత లోతున లంగరు నిలవదు. కెరటాలు ఎటు తోసినా ఓడ ఉన్నచోటనే నిలిచేటట్లు కిందనున్న పంఖాలు అనుక్షణం తిరుగుతూ వుండాలి. మూడంతస్తుల మేడమీద నిలబడి, గాలివానలో, నేలమీది సీసా మూతిలోకి దారం దించబోయేవాడి అవస్థను ఊహించుకుంటే కొంత బోధపడవచ్చు.

ఇటువంటి ఓడమీద ఒక యాత్ర అంటే రెండు నెలలు. దాదాపు 30 మంది శాస్త్రజ్ఞులు, వారికి మూడింతల మంది నావికులు, డ్రిల్లింగ్ పనివారు, సాంకేతిక నిపుణులు. నడుమ రేవు లేదు, ఆదివారం లేదు. మద్యం నిషిద్ధం. శాస్త్రజ్ఞులందరూ రెండు జట్లు: ఒక జట్టుకు మధ్యాహ్నం పన్నెండు నుంచి అర్ధరాత్రి దాకా పని, మరొక జట్టుకు అర్ధరాత్రి నుంచి మధ్యాహ్నం దాకా. ఒకే గదిలో వుండే ఇద్దరు రెండు నెలలపాటు ఒకరినొకరు సరిగా చూడకపోవడం కూడా కద్దు. ఒకరు నిద్ర లేచేసరికి మరొకరు నిద్రకు ఉపక్రమిస్తారు.

“కోర్ ఆన్ డెక్” అని మైకులో కేక వినపడగానే పని మొదలు. తొమ్మిదిన్నర మీటర్ల పొడవున్న కడ్డీని భుజాలమీద మోసుకువచ్చి, మీటరున్నర ముక్కలుగా కోస్తారు. అడుగుకొసన చిక్కిన పిడికెడు మట్టి ముందు సూక్ష్మజీవుల నిపుణుని వద్దకు పోతుంది. అతడు దానిని కడిగి, వడబోసి, సూక్ష్మదర్శిని కింద గవ్వలను చూసి, ఏ జాతి వున్నది, ఏ జాతి అంతరించింది అన్నదానిని బట్టి ఇది ఇన్ని లక్షల ఏళ్ళనాటిది అని చెబుతాడు. ఆ మాట కోసం ఓడంతా ఎదురుచూస్తుంది. ఇంకా తొలచాలా, చాలించి మరొక చోటికి కదలాలా అన్నది తరచు ఆ ఒక్క మాటమీద ఆధారపడుతుంది. తక్కిన ముక్కలు గది వేడికి వచ్చేదాకా కొన్ని గంటలు ఆగి, సాంద్రతను, అయస్కాంత లక్షణాలను కొలిచే యంత్రాలగుండా సాగుతాయి. ఆ తరువాత ఒక్కొక్క ముక్కనూ నిలువునా రెండు బద్దలు చేస్తారు. ఒక బద్ద పరీక్షలకు, రెండవది ముందు తరాలకు. ఈ రెండవ బద్దను కళ్ళతో చూడవచ్చు, ఫొటో తీయవచ్చు, ముక్కలు కోయరాదు. ఇప్పటి పరికరాలకు అందని సంగతిని రేపటి పరికరం అందుకోగలదన్న నమ్మకంతో పెట్టుకున్న నియమమది. ఎన్నికల నుంచి ఎన్నికల దాకా మాత్రమే లెక్కవేసే మన ప్రణాళికా రచయితలు ఈ ఒక్క నియమాన్ని అధ్యయనం చేసినా మేలే.

కడ్డీ తరువాత కడ్డీ వస్తూనే వుంటుంది. మెత్తని మట్టిలోనైతే గంటకొకటి. వచ్చినదానిని వర్ణించి నమోదు చేసేలోపల మరొకటి తలుపు దగ్గర సిద్ధం. ఒక్కొక్కప్పుడు ఇందుకు సరిగ్గా విరుద్ధం: గొట్టం ఇరుక్కుపోతుంది, ములుకు అరిగిపోతుంది, కిలోమీటర్ల పొడవున్న గొట్టాన్ని ముక్కముక్కగా విప్పి పైకి లాగి మళ్ళీ దించేసరికి పగలూ రాత్రీ గడిచిపోతాయి. శాస్త్రజ్ఞులు చేతులు కట్టుకుని కూర్చోవలసిందే. ఏళ్ళ తరబడి వాదించి సంపాదించిన ప్రతిపాదన ఒక రాతిపొర ముందు ఓడిపోవడం ఈ వృత్తిలో అరుదు కాదు.

ఇంత శ్రమకు ఫలం వ్యక్తిగతం కాదు. ఓడ దిగేలోపలే ప్రతి స్థలం గురించి నివేదిక అందరూ కలిసి వ్రాయాలి. అందరి పేర్లూ వుంటాయి. యాత్ర ముగిసిన ఏడాది దాకా ఆ మట్టిమీద హక్కు ఆ జట్టుది మాత్రమే. ఏడాది దాటితే ప్రపంచంలో ఏ మూలనున్న పరిశోధకుడైనా అడిగి తెప్పించుకోవచ్చు. ఓడ ఎక్కినవాడు పరిశోధన చేసి ప్రచురించి తీరాలన్నది నిబంధన. ఎక్కి వచ్చానని చెప్పుకుంటే సరిపోదు. జగత్ప్రసిద్ధుడైన ఆచార్యుడు, ఇంకా పట్టా చేతికి రాని పరిశోధక విద్యార్థి ఒకే బల్ల దగ్గర నిలబడి ఒకే మట్టి రంగు గురించి వాదులాడుకుంటారు. మన విశ్వవిద్యాలయాల వాతావరణం ఎరిగినవారికి ఇందులోని విలువ వేరే చెప్పనక్కరలేదు. ఓడమీది రెండు నెలలు పదేళ్ళ పాఠాలకు దీటు. అందుకే ఒక్క బెర్తు దొరకకపోవడం ఒక్క ప్రయాణం తప్పిపోవడం కాదు. ఒక శిక్షణ పరంపర తెగిపోవడం.

ఇప్పుడు మన సముద్రాల సంగతికి వద్దాం. ఈ కృషికి ఆద్యమైన గ్లోమార్ చాలెంజర్ ఓడ 1968లో బయలుదేరి, 1972లో హిందూ మహాసముద్రంలోకి వచ్చింది. బంగాళాఖాతానికి దక్షిణంగా సముద్రగర్భాన వేల కిలోమీటర్ల పొడవున నిటారుగా సాగే తొంబయ్యవ తూర్పు రేఖాంశపు పర్వతశ్రేణిని తొలిస్తే లిగ్నైట్ బొగ్గు బయటపడింది! నేడు సముద్రంలో మునిగివున్న ఆ శిఖరాలమీద ఒకనాడు చెట్లు పెరిగాయన్నమాట. భారత భూఖండం దక్షిణం నుంచి వేల కిలోమీటర్లు ప్రయాణించి ఆసియాను ఢీకొన్నదనే సిద్ధాంతానికి ఇటువంటి ఆధారాలే బలం చేకూర్చాయి.

అయితే మనవారికి అసలైన అవకాశం 2009లో అంతర్జాతీయ సముద్ర డ్రిల్లింగ్ కార్యక్రమంలో భారతదేశం అనుబంధ సభ్యురాలిగా చేరిన తరువాత వచ్చింది. దక్షిణాసియా మొత్తంమీద చేరినది మనమొక్కరమే. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం దరఖాస్తులను పరిశీలించే బాధ్యత వహించింది. 2014 నవంబరు చివర నుంచి 2015 మే చివర దాకా ఆరునెలలు రిజల్యూషన్ మన చుట్టూనే తిరిగింది. మొదట ఋతుపవనాల యాత్ర: మహానది ముఖద్వారానికి ఎదురుగా, అండమాన్ సముద్రంలో. తరువాత బంగాళాఖాతం ఒండ్రుమేటల యాత్ర: 8 డిగ్రీల ఉత్తర అక్షాంశం వెంబడి 7 చోట్ల. ఆపైన కొలంబో నుంచి బయలుదేరి ముంబయిలో ముగిసిన అరేబియా సముద్ర యాత్ర. దీనికి గోవా సంస్థకు చెందిన ధనంజయ్ పాండే సహసారథి.

ఆ ఫలితాలు చూడండి. మహానది ఎదుట తీసిన మట్టిలో 9 లక్షల ఏళ్ళ వానల చరిత్ర వున్నది. 2021లో వెలువడిన ఆ పరిశోధన ప్రకారం గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగిన కాలాలలో మన ఋతుపవనాల వానలూ హెచ్చాయి. రాబోయే దశాబ్దాలకు కంప్యూటర్లు చెబుతున్న జోస్యానికి సముద్రపు మట్టి ఇచ్చిన సాక్ష్యమిది. వానలు పెరిగితే మంచిదే కదా అని తొందరపడరాదు. గోదావరి 1986 వరదను, ఆ తరువాతి వరదలను చూసినవారికి హెచ్చు వాన అంటే ఏమిటో తెలుసు. పడమటి కనుమలకు ఆవల లక్ష్మీ బేసిన్‌లో, సముద్రపు అడుగు నుంచి సుమారు 1,100 మీటర్ల లోతు దాకా తొలిచినప్పుడు, కోటి ఏళ్ళకు కొంచెం పూర్వం సముద్రగర్భాన జరిగిన బ్రహ్మాండమైన కొండచరియ శిథిలాలు బయటపడ్డాయి. దానికి శాస్త్రజ్ఞులు నటరాజ అని పేరుపెట్టారు. అదే ఏడాది చివర మాల్దీవుల వద్ద జరిగిన మరొక యాత్ర, నేడు మనం ఎరిగిన ఋతుపవనాల గాలులు సుమారు కోటీ 29 లక్షల ఏళ్ళ క్రితం హఠాత్తుగా బలం పుంజుకున్నాయని తేల్చింది.

2016 యాత్ర సంగతి వేరుగా చెప్పుకోవాలి. 2004 డిసెంబరు 26న సుమత్రా వద్ద సముద్రం కదిలి, ఆంధ్ర తీరంలో నూరుమందికి పైగా, తమిళనాడులో, అండమాన్‌లో వేలాదిమంది ప్రాణాలు తీసింది. ఆనాడు భూమి చీలిన తీరు శాస్త్రజ్ఞుల అంచనాలకు అందలేదు. చీలిక అనుకున్నదానికంటే సముద్రపు అడుగుకు చాలా దగ్గరగా, మెత్తని మట్టి వుండవలసిన చోటుకు పాకింది. కారణం వెదకడానికి రిజల్యూషన్ కొలంబో నుంచి బయలుదేరి సుమత్రాకు పడమట తొలిచింది. హిమాలయాల నుంచి కొట్టుకుపోయి అక్కడ పేరుకున్న ఒండ్రు అతిమందంగా వుండటంవల్ల, అడుగుపొరలు వేడెక్కి, ఖనిజాలలోని నీరు ముందుగానే బయటికి పోయి, అవి గట్టిపడ్డాయని తేలింది. గట్టిపడిన పొర ఎక్కువ ఒత్తిడిని దాచుకుంటుంది. విరిగినప్పుడు పెద్దగా విరుగుతుంది. గంగా బ్రహ్మపుత్రల మట్టికీ మన తీరంలోని జాలరి గుడిసెలకూ వున్న సంబంధం ఇది. 2007 నుంచి హైదరాబాదులో పనిచేస్తున్న సునామీ హెచ్చరిక కేంద్రంవారు కెరటం బయలుదేరిన తరువాత చెప్పగలరు. కెరటం ఎక్కడ పుట్టగలదో చెప్పడానికి ఇటువంటి తవ్వకాలే దిక్కు.

మరి ఇందులో మన ఫిర్యాదు ఏమిటి? పరాయి ఓడ అయినా పని జరిగింది గదా అనవచ్చు. కాదనను. శాస్త్రానికి సరిహద్దులు లేవన్న మాటా నిజమే. కాని ఓడకు యజమాని వుంటాడు.

ఇక్కడ 2006 నాటి ఒక ఉదంతం గుర్తుచేయాలి. అప్పటికి మనం ఈ కార్యక్రమంలో సభ్యులమే కాము. అయినా ఇదే రిజల్యూషన్ ఓడ మన సముద్రాలలో 113 రోజులు పనిచేసింది. కేరళ, కొంకణ్ తీరాల నుంచి కృష్ణా గోదావరి బేసిన్, మహానది, అండమాన్ దాకా 21 చోట్ల తొలిచింది. ఎట్లా వచ్చింది? మన ప్రభుత్వమే అద్దెకు తెచ్చింది. ఎందుకు? సముద్రపు అడుగున మంచులాగా గడ్డకట్టిన సహజవాయువు కోసం. గ్యాస్ హైడ్రేట్ అనే ఈ పదార్థం కృష్ణా గోదావరి బేసిన్‌లో ఒకచోట సుమారు 130 మీటర్ల మందాన కనిపించినప్పుడు న్యూఢిల్లీలో కలిగిన ఉత్సాహం ఇంతా అంతా కాదు. దేశానికి ఇక ఇంధనపు కొరత వుండదన్నంత దూరం మాటలు పోయాయి. 2015లో మళ్ళీ, ఈసారి జపానువారి చిక్యూ ఓడను తెచ్చి, 42 రంధ్రాలు వేశారు. ఇంతవరకూ వాణిజ్య స్థాయిలో ఒక్క ఘనపు మీటరు వాయువు కూడా వాటినుంచి బయటికి రాలేదు. ఆ అన్వేషణ తప్పని నేననడం లేదు. ఇంధనం దిగుమతి చేసుకునే దేశం అన్ని తలుపులూ తట్టవలసిందే. కాని 2015 వేసవిలో జరిగినది గమనించండి: గ్యాసు కోసం మనం అద్దెకు తెచ్చుకున్న ఓడ కోస్తా ఎదుట తవ్వుతున్నది, ఋతుపవనాల కోసం మనం అతిథులుగా ఎక్కిన ఓడ అరేబియా సముద్రంలో తవ్వుతున్నది. వాయువు అనగానే ఓడంతా అద్దెకు దొరికింది. వాన అనేసరికి బెర్తుకోసం వరుసలో నిలబడ్డాం.

ఇంకొక విశేషం. 2006 యాత్రలో గోదావరి ముఖద్వారానికి ఎదురుగా తీసిన ఒక మట్టికడ్డీలో గ్యాసు సంగతి అట్లా వుంచి, ఆకులమీది మైనపు ఆనవాళ్ళు దొరికాయి. వాటినిబట్టి గోదావరి పరీవాహకంలో సుమారు 4,000 ఏళ్ళ క్రితం నుంచి 1,700 ఏళ్ళ క్రితం దాకా పొడినేలల మొక్కలు క్రమంగా పెరిగాయని, దక్కను పీఠభూమి ఎండిపోతూ వచ్చిందని 2012లో ప్రకటించారు. వ్యవసాయం విస్తరించి అడవి తరిగినకొద్దీ దక్కను నేల సముద్రంలోకి కొట్టుకుపోవడం అధికమైనదని అదే మట్టి ఆధారంగా 2017లో మరొక పరిశోధన వెలువడింది. తెలంగాణ, మరాఠ్వాడా రైతుల కరవుకు ఇంతకంటె పాత దస్తావేజు లేదు. ఈ పరిశోధనలకు సారథ్యం వహించినవారు అమెరికాలోని వుడ్స్‌హోల్ సముద్ర పరిశోధన సంస్థకు చెందినవారు. వారికి మనం కృతజ్ఞులం. కాని గ్యాసు కోసం మన డబ్బుతో తీయించిన మట్టిలో మన నేల చరిత్ర వున్నదని ముందుగా అడగవలసిన ప్రశ్న మన విశ్వవిద్యాలయాలలో ఎందుకు పుట్టలేదు?

పుట్టడానికి పునాది లేకపోలేదు. 1950లలో యూజీన్ లఫాండ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చి సముద్రశాస్త్రానికి ఊపిరిపోశాడు. మన తూర్పు తీరానికి ఎదురుగా సముద్రగర్భంలో బయటపడిన లోయలకు ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టాడు. మహాదేవన్ ఆ విశ్వవిద్యాలయపు భూగర్భశాస్త్ర ఆచార్యుడు. 1983లో పశ్చిమ జర్మనీ నుంచి సాగరకన్య ఓడ వచ్చింది. విద్య వున్నది, మనుషులు వున్నారు. లోతుగా తొలిచే ఓడ మాత్రం ఆనాడూ లేదు, ఈనాడూ లేదు. ధ్రువ పరిశోధన కేంద్రం కోసం కొత్త పరిశోధన ఓడ కట్టడానికి 2024లో కలకత్తా గార్డెన్‌రీచ్ సంస్థతో ఒప్పందం కుదిరింది. అది అవసరమే, కాని సముద్రపు అడుగును సర్వే చేసే ఓడకూ, కిలోమీటర్ల గొట్టం దించి తొలిచే ఓడకూ చాలా దూరం వున్నది.

ఇక మన సముద్రాల నుంచి ఈ కార్యక్రమం తీసిన మట్టి ఎక్కడున్నది? కొచ్చిలో అని చెబితే పాఠకులు కేరళ అనుకునే ప్రమాదం వున్నది. ఇది జపానులోని కొచ్చి. హిందూ మహాసముద్రపు కోర్‌లన్నిటినీ అక్కడి శీతల గిడ్డంగిలో భద్రపరుస్తారు. అట్లాంటిక్ మట్టి జర్మనీలోని బ్రెమెన్‌లో, తూర్పు పసిఫిక్‌ది అమెరికాలోని టెక్సాస్‌లో. బంగాళాఖాతపు మట్టిని చూడదలచిన విశాఖపట్నం విద్యార్థి జపానుకు దరఖాస్తు పెట్టుకోవాలి. వారు మర్యాదగా పంపుతారు, అందులో సందేహం లేదు. అయినా ఒక దేశం తన గతాన్ని చదువుకోవడానికి తపాలా మీద ఆధారపడటం శోభస్కరం కాదు.

ఇందులో రాజకీయం లేదనుకునేవారికి రెండు మాటలు. సముద్ర చట్టంపై ఐక్యరాజ్యసమితి ఒడంబడిక ప్రకారం 200 నాటికల్ మైళ్ళ ఆర్థికమండలంలో పరిశోధనకు తీరదేశం అనుమతి తప్పనిసరి. ఆపైన ఖండపు అంచు హక్కులను నిర్ణయించేటప్పుడు అడుగున పేరుకున్న ఒండ్రు మందం ఎంత అన్నది లెక్కలోకి వస్తుంది. దక్షిణ బంగాళాఖాతంలో ఈ మందం అసాధారణం గనుక ఆ ఒడంబడిక తుది పత్రానికి ప్రత్యేకంగా ఒక అనుబంధం జోడించవలసివచ్చింది. శ్రీలంక 2009లో తన కోరికలను ఆ అనుబంధం ఆధారంగానే దాఖలు చేసింది. కోబాల్టు వున్నదని చెబుతున్న అఫనాసీ నికితిన్ సముద్రపర్వతంపై అన్వేషణ హక్కుల కోసం భారతదేశం 2024 జనవరిలో దరఖాస్తు పెట్టగా, అది తమ ఖండపు అంచులోకి వస్తుందంటున్నది శ్రీలంక. పదిహేనవ శతాబ్దంలో బహమనీల బీదరు దాకా వచ్చి వెళ్ళిన రష్యా వర్తకుని పేరు, నేడు ఇద్దరు పొరుగువారి నడుమ తగవుకు పేరైనది. ఇటువంటి తగవులలో మాట చెల్లాలంటే అడుగున ఏమున్నదో ఎరిగి వుండాలి.

చైనా ఈ సంగతి గ్రహించింది. రిజల్యూషన్ నిష్క్రమించిన మూడు నెలలకే, 2024 నవంబరు 17న, స్వప్నం అని అర్థం వచ్చే మెంగ్‌షియాంగ్ ఓడను గ్వాంగ్‌జౌలో ప్రవేశపెట్టింది. దాదాపు 180 మీటర్ల పొడవు. సముద్రమట్టం నుంచి 11,000 మీటర్ల లోతుదాకా తొలచగలదని వారి ప్రకటన. జపాను తన చిక్యూను నడుపుతూ, 2025 నుంచి ఐరోపా దేశాలతో కలిసి కొత్త కార్యక్రమం ఆరంభించింది. రేపు బంగాళాఖాతంలో ఋతుపవనాల చరిత్రకోసం తొలచాలని మన శాస్త్రజ్ఞుడు కోరుకుంటే అతనికి మిగిలే దారులు ఇవి. వాటిలో ఒకటి ఎక్కడానికి విదేశాంగశాఖ అంత సులువుగా ఒప్పుకుంటుందని ఎవరూ అనుకోరు. ఆ ఓడ మన ఆర్థికమండలం లోపలికి వస్తానంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

అట్లాగని మనమూ ఒక మెంగ్‌షియాంగ్ కట్టుకోవాలని వాదించేవారితో నేను ఏకీభవించను. రిజల్యూషన్ నిర్వహణకు ఏడాదికి 7 కోట్ల డాలర్లకు మించి అయ్యేది. మన లెక్కలో దాదాపు 600 కోట్ల రూపాయలు. 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన డీప్ ఓషన్ మిషన్‌కు అయిదేళ్ళకు కేటాయించినది 4,077 కోట్లు. సగటున ఏడాదికి 815 కోట్లు. అందులో మూడు వంతులు ఒక్క ఓడ మింగేస్తే మిగిలిన పనులకు ఏమి మిగులుతుంది? అమెరికాకే బరువైనది మనకు బరువు కాకపోదు. ఓడ కట్టి రేవులో నిలబెట్టి ఏటా ప్రారంభోత్సవాలు జరుపుకోవడంకంటె కట్టకపోవడం మేలు.

కాని 2006లో చేసిన పనిని మళ్ళీ చేయడానికి ఏమి అడ్డం? ఆనాడు పెట్రోలియం శాఖకు సాధ్యమైనది ఈనాడు భూవిజ్ఞాన శాఖకు ఎందుకు సాధ్యం కాదు? మూడు నాలుగేళ్ళకొకసారి ఓడను అద్దెకు తెచ్చుకుని, మన ప్రశ్నలతో, మన సారథ్యాన, శ్రీలంక, బంగ్లాదేశ్, మాల్దీవుల శాస్త్రజ్ఞులకు కూడా బెర్తులు ఇచ్చి యాత్ర నడిపితే అయ్యే ఖర్చు ఒక ఓడను ఏడాది పొడుగునా పోషించే ఖర్చులో కొంతభాగం మాత్రమే. ఢాకాతో, కొలంబోతో మన సంబంధాలు ఒడిదుడుకులకు లోనవుతున్న కాలంలో, పన్నెండేసి గంటలు ఒకే బల్ల దగ్గర నిలబడి పనిచేసే యువశాస్త్రజ్ఞుల స్నేహం సంయుక్త ప్రకటనలకంటె ఎక్కువకాలం నిలుస్తుంది. తీసిన మట్టిలో ఒక బద్ద ఈ గడ్డమీదనే వుండేటట్లు శీతల గిడ్డంగి కట్టడం అంతకంటె చవక. దానికి విశాఖపట్నంకంటె తగిన చోటు కనపడదు. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం 1976 నుంచి అక్కడ వున్నది, విశ్వవిద్యాలయం వున్నది, రేవు వున్నది.

ముగ్గురు మనుషులను 6,000 మీటర్ల లోతుకు దించే మత్స్య జలాంతర నౌక మీద డీప్ ఓషన్ మిషన్ దృష్టి అంతా కేంద్రీకృతమైనది. దించవలసిందే, అది ఇంజనీరింగ్ ఘనకార్యం, టెలివిజన్‌కు అందమైన దృశ్యం. మట్టిబద్ద టెలివిజన్‌లో అందంగా వుండదు. 2021-26 కాలానికి మంజూరైన మిషన్ తరువాతి దశకు పద్దులు వ్రాసేవారు మత్స్య పక్కన ఒక గడి అద్దె ఓడకు, ఒక గడి గిడ్డంగికి, ఒక గడి ఏటా పదిమంది పరిశోధక విద్యార్థులను దొరికిన ప్రతి విదేశీ ఓడకూ పంపడానికి వదలాలి. 2015లో పాతికేళ్ళ వయసున మహానది ఎదుట మట్టి వర్ణించడం నేర్చుకున్నవారు ఇప్పుడు నలభైకి చేరువవుతున్నారు. వారి శిష్యులుగా చేరుతున్నవారిలో ఓడ ఎక్కినవారు తక్కువ. ఈ దూరం పెరిగేలోపలే ఆర్థికశాఖ ముందుకు ఆ ప్రతిపాదన వెళ్ళాలి.